వెలసిన దేవుడు, వల వేసిన చెయ్యి

గుడి పుట్టుకను చెప్పడానికి తెలుగులో రెండు రకాల మాటలున్నాయి. "కట్టారు", "ప్రతిష్ఠించారు" అంటే చేసినవాళ్లున్నారని అర్థం. వాళ్ల పేర్లు శాసనంలోనో, గోడకు అతికించిన పాలరాతి పలక మీదో దొరుకుతాయి. "వెలసింది" అన్నామంటే కర్త కనబడడు. అమ్మవారు వెలసింది, స్వామి వెలసాడు. ఎవరూ చెక్కలేదు, ఎవరూ తేలేదు, దానంతట అదే. దానికే సంస్కృతంలో స్వయంభువని పేరు. ఊళ్లో పెద్దలను గుడి వయసు అడిగితే తడుముకుంటారు. ఎట్లా వెలసిందని అడిగితే మాత్రం తడుముకోరు, కథ ఎత్తుకుంటారు.

నారాయణఖేడ్ సీమ ఇలాంటి కథలకు పుట్టినిల్లు. సంగారెడ్డి జిల్లాకు వాయవ్యపు కొస ఇది. ఊరి పేరులోని "ఖేడ్" మరాఠీ మాట. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడేదాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినబడే చోటు. ఈ సీమ ప్రాణమంతా మంజీరలో ఉంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ దాటి, ఇక్కడి నల్లరేగడి మీదుగా సాగి, మొత్తం 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నది ఒడ్డునే మనూరు మండలం బోరంచలో నల్లపోచమ్మ ఉంది. దక్షిణాన జహీరాబాద్ దిక్కు ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడున్నాడు. తూర్పున మెదక్ జిల్లా నాగ్సానుపల్లి దగ్గర ఏడుపాయల వనదుర్గా భవాని ఉంది.

ఝరాసంగం కథ ఒక నిషేధంతో మొదలవుతుంది. శివలింగం మొదలూ చివరా వెతికే పోటీలో బ్రహ్మ అబద్ధమాడితే మొగలిపువ్వు దొంగసాక్ష్యం చెప్పింది. అందుకే శివపూజకు మొగలిపువ్వు పనికిరాకుండా పోయిందని ఊరూరా చెబుతారు. ఆ పాపం పోగొట్టుకోవడానికి బ్రహ్మ తపస్సు చేసిన మొగలివనం ఇదేనని ఝరాసంగం స్థలపురాణం అంటుంది. ఇక్కడి లింగానికి మొగలిపువ్వు పెడతారు. వేరే చోట వెలివేసిన పువ్వుకు ఇక్కడ క్షమాపణ దొరికింది. తరువాత కుపేంద్రుడనే సూర్యవంశపు రాజు చర్మరోగంతో తిరుగుతూ ఇక్కడి నీటిలో దిగాడు, రోగం పోయింది, కలలో శివుడు కనిపించి గుడి కట్టమన్నాడు. గుండం ఇప్పటికీ ఉంది. స్నానం చేసి గర్భగుడికి వెళ్లేవారి తడిబట్టల నీళ్లు మెట్ల మీద ఆరకుండానే ఉంటాయి.

ఏడుపాయల కథ ఇంకా పెద్దది. తక్షకుడి కాటుకు పరీక్షిత్తు చనిపోతే కొడుకు జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనంటారు. యాగంలో మాడిపోయిన పాములకు సద్గతి కలగాలని గరుత్మంతుడు పాతాళం నుంచి గంగను తెచ్చాడట. ఆ గంగ యాగస్థలి దగ్గర ఏడు పాయలుగా చీలింది. జమదగ్ని, అత్రి, కశ్యపుడు, విశ్వామిత్రుడు, వసిష్ఠుడు, భరద్వాజుడు, గౌతముడు, ఇలా ఏడుగురు ఋషుల పేర్లు ఆ పాయలకు పెట్టారు. ఆ ఒడ్డున తవ్వితే యాగపు బూడిద దొరుకుతుందని కూడా చెబుతారు. మహాశివరాత్రికి మూడు రోజుల జాతర. ఎడ్లబండ్లు, బోనాలు, శివసత్తుల పూనకాలు.

చదువుకున్నవాడు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. మహాభారతం స్వర్గారోహణ పర్వంలో సర్పయాగం ముగిశాక జనమేజయుడు తక్షశిల నుంచి హస్తినాపురానికి తిరిగి వెళ్లాడని ఉంది. తక్షశిల ఎక్కడ, ఏడుపాయలున్న పాపన్నపేట మండలం ఎక్కడ? మంజీర ఏడుగా చీలడానికి కారణం బండరాళ్లు. రాయి ఒరుసుకొని నీళ్లు దారులు వెతుక్కున్నాయి. భూగోళం చెప్పే జవాబు ఇది, నిజమైన జవాబు. మరి కథ అబద్ధమేనా?

తొందరపడి అవునన్నా కాదన్నా ఒక ముఖ్యమైన సంగతి చేజారిపోతుంది. అది పట్టుకోవాలంటే కొంచెం దూరం వెళ్లాలి, ఒక జాలరి పల్లె దాకా.

ఇప్పటి టోక్యో నగరం నడిబొడ్డున అసకుస అనే పేట ఉంది. ఒకప్పుడది సుమిద నది సముద్రాన్ని చేరే చోట చేపలు పట్టుకొని బతికే పల్లె. అక్కడి సెన్సోజీ బౌద్ధ ఆలయ కథ ప్రకారం 628వ సంవత్సరం మూడో నెల పద్దెనిమిదో రోజున హినొకుమ హమనారి, తకెనారి అనే అన్నదమ్ములు వల వేశారు. చేపలకు బదులు చిన్న విగ్రహం పడింది. అది కన్నోన్ విగ్రహమని, అంటే మన అవలోకితేశ్వరుడేనని, హాజి నకతొమొ అనే ఊరి పెద్ద గుర్తుపట్టి తన ఇంటినే గుడి చేశాడు. ఇంతవరకూ మనకు తెలిసిన తరహా కథే. అసలు విశేషం ఆ తరువాత ఉంది. ఆ గుడి పక్కనే జపాన్ సొంత మతమైన షింటో దేవాలయం ఒకటి వచ్చింది, అసకుస జింజ. అందులో పూజలందుకునే దేవుళ్లు ముగ్గురు: వల వేసిన అన్నదమ్ములిద్దరూ, గుర్తుపట్టిన ఊరి పెద్దా. మే నెలలో జరిగే సంజ మత్సురిలో జనం భుజాల మీద పల్లకీలు ఎక్కి ఊరేగేది ఈ ముగ్గురే. వలలో పడిన విగ్రహాన్ని మాత్రం ఎవరికీ చూపించరు; అది రహస్య మూర్తి. దొరికిన దేవుణ్ణి తలుపుల వెనక దాచి, దొరకబుచ్చుకున్నవాళ్లను వీధుల్లో ఊరేగించే గుడి అది.

షింటోకు స్థాపకుడు లేడు, ఒప్పుకొని తీరాల్సిన సిద్ధాంత గ్రంథమూ లేదు. కొండ, చెట్టు, జలపాతం, పూర్వీకుడు, ఏదైనా "కమి" కావచ్చు. అయితే ఆ కమి ఈ ఊరికి ఎట్లా వచ్చిందో చెప్పే కథ చాలా గుళ్లకు ఉంటుంది. తీరపు పల్లెల్లో ఆ కథ నీళ్ల మీద తేలివస్తుంది. 712లో రాసిన కొజికి గ్రంథంలో ఆది దంపతులు ఇజనగి, ఇజనమిలకు పుట్టిన మొదటి బిడ్డ హిరుకో అవిటివాడు. రెల్లు పడవలో పెట్టి నీళ్లలో వదిలేశారు. కొజికి ఆ బిడ్డను అక్కడితో మరిచిపోయింది. జాలర్లు మరిచిపోలేదు. ఆ బిడ్డే అలల మీద కొట్టుకొని తమ ఒడ్డుకు చేరాడని, చేపలిచ్చే ఎబిసు దేవుడయ్యాడని నమ్మారు. నిషినోమియ ఆలయ కథలో నారువొ అనే ఊరి జాలరి ఒకరికి సముద్రంలో ఒక విగ్రహం వలకు తగిలింది. చేప కాదు కదా అని తిరిగి నీళ్లలో వదిలేశాడు. మరో చోట వల వేస్తే మళ్లీ అదే పడింది. ఇంటికి తెచ్చుకుంటే కలలో కనిపించి, పడమటి దిక్కున తనకో చోటు చూపించమన్నాడు. తల్లిదండ్రులు వదిలేసిన బిడ్డ, జాలరి కూడా ఒకసారి వదిలేసిన విగ్రహం, చివరకు ఊరి దేవుడు.

జపాన్ జాలర్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాన్నీ, వింతరాయినీ, చివరికి సముద్రంలో దొరికిన శవాన్నీ ఎబిసు అనే పిలిచేవారు. దక్షిణ క్యూషూ పల్లెల్లో వేట మొదలయ్యే వేళ ఒక యువకుడు కళ్లకు గంతలు కట్టుకొని నీళ్లలో మునిగి, చేతికి తగిలిన రాయిని పైకి తెచ్చేవాడు. ఆ ఏటికి అదే ఎబిసు. కళ్లకు గంతలెందుకు? ఎంచుకోకూడదు గనక. చూసి ఎంచుకుంటే అది మనిషి చేసిన దేవుడవుతుంది. మునగకుండా ఒడ్డునే కూర్చుంటే ఏ దేవుడూ రాడు. వెలయడమనే మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఏ భాష్యకారుడూ రాసి ఉండడు.

ఇలాంటి స్థలపురాణాలను జపనీయులు "ఎంగి" అంటారు. ఈ మాట చరిత్ర తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. బుద్ధుడి బోధలో నడిమిస్తంభం వంటి "ప్రతీత్యసముత్పాదం" అన్న సంస్కృత పదాన్ని చైనావాళ్లు రెండు అక్షరాల్లోకి మార్చారు. జపాన్‌లో ఆ రెండు అక్షరాలనే ఎంగి అని పలికారు. ఒకదాన్ని ఆనుకొని ఇంకొకటి పుట్టడం, ఏదీ ఒంటరిగా పుట్టకపోవడం, ఇదీ మూలార్థం. తరువాత ఆ మాట గుడి పుట్టుక కథకు పేరైంది. ఇంకా జారి మామూలు మాటల్లో శకునమయింది. "ఎంగి మంచిది" అంటే శుభసూచకమని.

ప్రతీత్యసముత్పాదాన్ని ఆఖరి కొస దాకా తర్కించినవాడు ఆచార్య నాగార్జునుడు. సంప్రదాయం ఆయనను కృష్ణాతీరపు శ్రీపర్వతంతో, ఇప్పటి నాగార్జునకొండతో ముడిపెడుతుంది. ఇటు సంగారెడ్డి జిల్లాలోనూ బౌద్ధం అడుగుజాడలున్నాయి. కొండాపూర్‌లో 1940–42లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల కాలపు ఊరూ, బౌద్ధ కట్టడాల శిథిలాలూ బయటపడ్డాయి. మూలమధ్యమకకారికలో నాగార్జునుడు ఏ వస్తువుకూ స్వభావం, అంటే దానంతట దానికే ఉన్న ఉనికి, లేదంటాడు. అన్నీ వేరేవాటిని ఆనుకొని పుట్టినవే, ఆ ఆనుకోవడానికే శూన్యత అని పేరు.

ఇప్పుడు చిక్కు తేటపడుతుంది. మన గుళ్లు స్వయంభువు అంటాయి, దానంతట అదే పుట్టిందని. స్వయంభువన్నది ఏదీ లేదంటాడు నాగార్జునుడు. ఎవరి మాట నిజం?

కథలనే అడిగి చూడాలి. తెలుగునేల మీద ఏ స్వయంభువు కథ విన్నా అందులో రెండో మనిషి ఒకరుంటారు, తప్పకుండా ఉంటారు. ఆవు పుట్ట మీద పాలు కార్చడం గమనించిన గొల్లవాడు, కల కన్న ఆడమనిషి, నాగలికి రాయి తగిలిన రైతు, వల బరువెక్కిన బెస్తవాడు. దేవుణ్ణి చేసినవాడు కథలో ఉండడు, చూసినవాడు ఉంటాడు. ఆ చూసినవాణ్ణి తీసేస్తే దేవుడు పుట్టలోనే ఉండిపోతాడు, నీళ్లలోనే ఉండిపోతాడు. నోటితో స్వయంభువని చెబుతూనే, చేత్తో మనకు ప్రతీత్యసముత్పాదాన్ని చూపిస్తున్నాయి ఈ కథలు. అవి అసలు దాచిపెట్టింది దేవుడి వయసును కాదు, దేవుడి రుణాన్ని. ఈ దైవం ఎవరి కంటికి మొదట కనిపించింది, ఎవరి చేతి మీదుగా మన మధ్యకు వచ్చింది అన్న లెక్కను. జనమేజయుడు నిజంగా మంజీర ఒడ్డుకు వచ్చాడా అన్నది చరిత్రకారుడు తేల్చాల్సిన ప్రశ్న. ఈ రుణపు లెక్క మాత్రం కథలో తప్ప ఎక్కడా రాసి ఉండదు.

విజయనగరంలో ఈ లెక్కను ఏటా వీధిలో చదివి వినిపిస్తారు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. గెలిచిన పూసపాటి విజయరామరాజు తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆయన చెల్లెలు పైడిమాంబ ఆ కబురు విని కుప్పకూలి, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి ఒడ్డున దొరుకుతుందని వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడికి చెప్పి కన్నుమూసిందని కథ. బెస్తవాళ్లు చెరువులో దిగి వెతికితే విగ్రహం దొరికింది. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. చింతమాను కొసన పూజారి కూర్చుంటే ఆకాశంలో అమ్మవారే ఊరేగుతున్నట్టు లక్షల మంది చేతులెత్తుతారు. ఆ అప్పలనాయుడి వంశీయులే ఇప్పటికీ పూజారులని చెబుతారు. ఆ మాను ముందు పాలధార నడుస్తుంది, అంజలి రథం నడుస్తుంది, వాటితోపాటు బెస్తవారి వల కూడా నడుస్తుంది. పూసపాటి కోట ముందు దాకా ఒక చేపల వల రాజలాంఛనంలా వెళుతుంది. అసకుసలో వల వేసినవాళ్లే పల్లకీ ఎక్కారు. విజయనగరంలో వలే ఊరేగింపులో భాగమైంది. ఈ రెండు ఊళ్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు.

భద్రాచలంలోనూ అంతే. గోల్కొండ ఖజానా సొమ్ముతో గుడి కట్టి చెరసాల పాలైన పాల్వంచ తహసీల్దారు గోపన్న కథ అందరికీ తెలుసు. ఆయనకు ముందు పోకల దమ్మక్క ఉంది. కలలో రాముడు చెబితే పుట్ట కడిగి, విగ్రహాలు బయటికి తీసి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీ. రామదాసు కట్టింది గుడి. దేవుణ్ణి చూసింది దమ్మక్క. సినిమాలూ కీర్తనలూ రామదాసు చుట్టూ తిరిగినా స్థలకథ ఆమె పేరును వదలలేదు.

కోనసీమలో వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది జాలర్ల ఊరు. అక్కడ పుట్ట మీద ఆవు పాలు కార్చడం చూసిన కేశవదాసు ఉన్నాడు. 1823లో ఇప్పటి ఆలయాన్ని కట్టించిన కొపనాతి కృష్ణమ్మ అగ్నికుల క్షత్రియుడు, అంటే సముద్రం మీద బతికే కులంవాడు. ఆయన విగ్రహం నరసింహస్వామికి ఎదురుగా ఉంటుంది. దేవుడు రోజూ చూసే ముఖం ఆయనదే. 2020 సెప్టెంబరులో అక్కడి రథం కాలిపోయినప్పుడు ఆ ఊరివాళ్లు సొంత ఇల్లు తగలబడినట్టు ఏడ్చారంటే ఆశ్చర్యమేముంది?

అయితే కథలు చెదిరిపోతాయి కూడా. కొన్నిసార్లు ఆజ్ఞతో, కొన్నిసార్లు మంచి ఉద్దేశంతో. 1868లో జపాన్ మెయిజీ ప్రభుత్వం బౌద్ధాన్నీ షింటోనూ వేరుచేయమని ఉత్తర్వు ఇచ్చింది. అసకుసలో వందల ఏళ్లుగా ఒకే కథలో బతికిన కన్నోన్‌కూ, ఆ విగ్రహాన్ని వలలో పట్టినవాళ్లకూ మధ్య గోడ లేచింది. కాగితాల మీద రెండు మతాలు, రెండు సంస్థలయ్యాయి. జనం మాత్రం ఆ గుడికీ ఈ గుడికీ ఒకే నడకలో దండం పెట్టుకుంటూనే ఉన్నారు. 1945 బాంబుదాడుల్లో సెన్సోజీ ప్రధాన మందిరం కాలిపోయింది. జాలర్ల చిన్నగుడి, 1649లో కట్టినది, నిలబడే ఉంది.

మన దగ్గర ఉత్తర్వులు అక్కర్లేదు, సిమెంటు చాలు. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయిగా ఉన్న పోచమ్మకు గోపురం లేస్తుంది, సంతోషమే. గోపురంతోపాటు కొత్త స్థలపురాణం కూడా లేస్తుంది. అందులో ఋషులుంటారు, శాపాలుంటాయి, పార్వతి అంశ ఉంటుంది. మశూచి తగిలిన ఏడు ఊరంతా బోనాలెత్తిన సంగతి ఉండదు. అమ్మవారికి మొదట నీళ్లు పోసిన చాకలి ఇంటి పేరు ఉండదు. కట్ట తెగినప్పుడు కట్టమైసమ్మకు మొక్కి మట్టి మోసిన ఒడ్డెరలు ఉండరు. ఏడు పాయలకు ఏడుగురు ఋషుల పేర్లు పెట్టినవారు నదిని గౌరవించాలనే పెట్టారు, అందులో సందేహం లేదు. కానీ ఆ పాయల మీద పుట్టి వేసుకొని మనుషులను దాటించినవాళ్ల పేర్లు ఒక్క పాయకూ లేవు. మంజీర పొడవునా గంగపుత్రులు, ముదిరాజులు వలలు వేస్తూనే ఉన్నారు. సింగూరు ఆనకట్ట కట్టాక నది చెరువై, ఆ చెరువే వాళ్ల పొలమైంది. వాళ్ల ఇళ్లలో పోచమ్మ, గంగమ్మ, మైసమ్మల కథలు ఇంకా ఉన్నాయి. కరపత్రం మీద అచ్చయ్యే కథ ఒక్కటే అయినప్పుడు మిగతావి అబద్ధాలన్న భావన పిల్లల్లో కలుగుతుంది. స్థలపురాణం రాసే పండితుడు బోరంచకో, ఏడుపాయలకో వచ్చినప్పుడు మొదట నది ఒడ్డున వల ఆరేసుకుంటున్నవాడి దగ్గర కూర్చోవాలి. ఋషుల పేర్లు ఆ తరువాతైనా రాసుకోవచ్చు, అవెక్కడికీ పోవు.

వానాకాలంలో సింగూరు నిండి గేట్లెత్తితే ఏడుపాయల గుడి దగ్గర నీళ్లు పెరుగుతాయి. ముందు మెట్లు మునుగుతాయి, తరువాత గుడి ముందు నుంచి నది ఉరుకుతుంది. మూలమూర్తి దగ్గరికి మనిషి వెళ్లే వీలుండదు. అప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలోకి తెచ్చి అక్కడే పూజలు చేస్తారు, జనం అక్కడే కొబ్బరికాయ కొట్టుకొని వెళతారు. లోపల అమ్మవారు రోజుల తరబడి నీళ్ల మధ్య ఒంటరిగా ఉంటుంది. వరద తీసిన పొద్దు గుడివాళ్లు మోకాళ్ల దాకా ఒండ్రులో దిగి, చీపుళ్లతో బురద ఎత్తిపోసి, గడప కడుగుతారు. చెత్త, కొమ్మలు, ఎగువన ఎవరిదో తెగిన వలపోగు, అన్నీ ఏరి పక్కన పెడతారు. అప్పుడు అమ్మవారి ముఖం మళ్లీ కనబడుతుంది, ఎవరో ఒకరు మొదట చూస్తారు.